రెండు యుద్ధాల మధ్య డచ్చి ఫిరంగులు: నిజంగా డచ్చివేనా, జర్మన్ల ముసుగా?

ఓరుగల్లు_ఎంటెక్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను వరంగల్‌లో కంట్రోల్ సిస్టమ్స్‌లో ఎంటెక్ చేస్తున్నాను. ఈ సెమిస్టర్ సెమినార్‌కి కంప్యూటర్లు రాకముందు ఫిరంగుల గురిని ఎలా లెక్కగట్టేవారు అన్న అంశం తీసుకున్నాను. చదువుతూ చదువుతూ హాలండ్ దగ్గర ఆగిపోయాను.

సిడేరియస్ అని ఒక డచ్చి ఫిరంగుల కంపెనీ పేరు కనబడింది. దాని వెనకాల చూస్తే జర్మనీ వాళ్ల రైన్‌మెటాల్ ఉంది. ఇంకో చోట హేజ్‌మేయర్ అనే పేరు కనబడింది, దాని వెనకాల సీమెన్స్ ఉంది. ఏ తలుపు తీసినా లోపల జర్మనీ వాడే కూర్చుని ఉన్నాడు. మరి 1919 నుంచి 1940 దాకా డచ్చి వాళ్లు ఫిరంగుల విషయంలో తమది అని చెప్పుకోదగ్గ పని ఏమైనా చేశారా? లేక జర్మన్లకి ఇల్లు అద్దెకిచ్చి ఊరుకున్నారా?

ఇంకో చిన్న సందేహం. హేజ్‌మేయర్ మౌంట్ (ఫిరంగిని నిలబెట్టే పీఠం) గురించి రాసిన ప్రతిచోటా "మూడు అక్షాల స్థిరీకరణ" అంటున్నారు. ఫిరంగిని పక్కలకి తిప్పడానికి ఒక అక్షం, పైకీ కిందికీ ఎత్తడానికి ఇంకొకటి, రెండు చాలు కదా. ఆకాశంలో ఏ బిందువుకైనా ఆ రెండింటితో గురి పెట్టొచ్చు. మూడోది దేనికి? మా గైడ్‌ని అడిగితే నువ్వే కనుక్కుని రా అన్నారు. వచ్చే వారమే ప్రజెంటేషన్, కాస్త టెన్షన్‌గా ఉంది. తెలిసినవారు చెప్పగలరు.

చరిత్ర_పుటలు జవాబు

మీ మొదటి ప్రశ్నకి నేపథ్యం వరకు చెబుతాను. ఇంజనీరింగ్ సంగతి నాకు తెలిసింది తక్కువ.

1919 జూన్ 28న సంతకాలైన వర్సేల్స్ సంధిలో 168వ అధికరణం ప్రకారం జర్మనీలో ఆయుధాలు తయారుచేయాలంటే గెలిచిన దేశాలు ఒప్పుకున్న ఫ్యాక్టరీల్లోనే చేయాలి. 170వ అధికరణం ఇంకా గట్టిది. బయట దేశాల కోసం ఆయుధాలు చేయకూడదు, ఎగుమతి చేయకూడదు, దిగుమతీ చేసుకోకూడదు. 191వ అధికరణంతో జలాంతర్గాములు పూర్తిగా బంద్. అంటే వేలమంది ఇంజనీర్లకి, డ్రాయింగ్ మనుషులకి ఒక్కసారిగా చేతిలో పని పోయింది. నేర్చిన విద్య మాత్రం పోలేదు కదా. అది పక్కిళ్లకి వెళ్లింది.

క్రుప్ స్వీడన్‌లో బోఫోర్స్‌లో వాటా తీసుకుంది. రైన్‌మెటాల్ హాలండ్‌లో సిడేరియస్ వైపు, ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లో జోలోథూర్న్ వైపు వెళ్లింది. జలాంతర్గాముల డిజైనర్లు 1922లో హేగ్ నగరంలో ఒక "ఓడల నిర్మాణ ఇంజనీరింగ్ కార్యాలయం" తెరిచారు. బోర్డు డచ్చిది, పెట్టుబడి జర్మన్ ఓడల కార్ఖానాలది.

హాలండ్‌నే ఎందుకు ఎంచుకున్నారు అంటే, అది మొదటి యుద్ధంలో తటస్థంగా ఉన్న దేశం. సరిహద్దు ఆనుకునే ఉంటుంది. ఓడిపోయిన కైజర్ రెండో విల్హెల్మ్ కూడా 1918 నవంబరులో పారిపోయి తలదాచుకున్నది అక్కడే. గెలిచిన దేశాలు అడిగినా డచ్చి ప్రభుత్వం ఆయన్ని అప్పగించలేదు.

కాబట్టి ముసుగు ఉన్న మాట నిజం. ముసుగు కింద డచ్చి వాళ్ల చెయ్యి ఎంత పడింది అన్నది ఇంజనీరింగ్ తెలిసినవారే చెప్పాలి.

పాత_నావికుడు జవాబు

బాబూ, నీ ప్రశ్న చూసి రాత్రి భోజనం అయ్యాక కూర్చుని ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

నాది బందరు. వలందపాలెం పక్కనే పెరిగాను. వలందులంటే హాలండు వాళ్లు. 1605లోనే వాళ్లు మా ఊళ్లో కోఠీ పెట్టారు, ఆ పేట పేరు ఇప్పటికీ అదే. చిన్నప్పుడు ఆ పేరుకి అర్థం నాకు తెలియదు. తర్వాత నేవీలో చేరి, జామ్‌నగర్ వల్సూరాలో ఎలక్ట్రికల్ ట్రైనింగ్ అయ్యాక, ఒక లియాండర్ తరగతి ఫ్రిగేట్ యుద్ధనౌక మీద ఫైర్ కంట్రోల్ గదిలో, అంటే ఫిరంగుల గురి లెక్కగట్టే గదిలో, డ్యూటీ పడింది. మొదటి రోజు కేబినెట్ తలుపు తీస్తే లోపల చిన్న లోహపు పలక మీద "హెంగెలో" అని ఉంది. ఏ దేశం సార్ ఇది అని మా చీఫ్‌ని అడిగాను. హాలండు అన్నారు. మా పేట పేరు అప్పుడు అర్థమైంది నాకు. ఆ పలకని ఎన్నేళ్లు గుడ్డతో తుడిచానో. అందుకే ఆ ఊరి కథ వెతికి వెతికి చదువుకున్నాను.

సిడేరియస్ కథ గొట్టాల కథ, దాన్ని వదిలేద్దాం. నీ సెమినార్‌కి కావలసింది హెంగెలోనే.

హెంగెలో అన్నది జర్మనీ సరిహద్దుకి దగ్గర్లో, ట్వెంటె ప్రాంతంలో ఉన్న పారిశ్రామిక పట్టణం. బట్టల మిల్లులు, యంత్రాల ఫ్యాక్టరీలు ఉన్న చోటు. అక్కడ హేజ్‌మేయర్ అనే ఆయన కంపెనీ కరెంటు స్విచ్‌గేర్ చేసేది. ఆ సమయంలో డచ్చి నౌకాదళానికి ఒక అవసరం వచ్చి పడింది. జావా, సుమత్రా అని రెండు క్రూయిజర్లు కడుతున్నారు. జావాకి 1916లోనే పునాది పడినా, యుద్ధం వల్ల పని ఆగి ఆగి 1925లో గానీ నౌకాదళంలో చేరలేదు. ఒక్కోదానికి 150 మిల్లీమీటర్ల ఫిరంగులు 10. వాటన్నిటినీ ఒకే లెక్కతో నడిపే వ్యవస్థ కావాలి. అది బాగా తెలిసిన సీమెన్స్ వాళ్లకి సంధి అడ్డం. దాంతో 1922లో సీమెన్స్, హేజ్‌మేయర్ కలిసి హెంగెలోలో "సిగ్నల్ పరికరాల ఫ్యాక్టరీ" పెట్టారు. బోర్డు చూస్తే రైల్వే గంటలు చేసే చోటు అనుకుంటారు. లోపల తయారయ్యేది ఫిరంగులకి మెదడు.

ఇక్కడి వరకు నువ్వన్నది ఒప్పే. తెలివి జర్మనీది, కొనుగోలుదారు డచ్చి నౌకాదళం. అసలు విషయం 1930ల్లో వచ్చింది.

అప్పటికి ఓడలకి కొత్త శత్రువు విమానం. దాన్ని కొట్టాలంటే చిన్న ఫిరంగి కావాలి, వేగంగా పేలాలి. స్వీడన్ నౌకాదళం 1928లో అడిగితే బోఫోర్స్ వాళ్లు 40 మిల్లీమీటర్ల ఫిరంగి మొదలుపెట్టారు. నాలుగేసి గుళ్లు ఒక క్లిప్పులో పెట్టి పైనుంచి దోపితే నిమిషానికి 120 వరకు పేలుస్తుంది. ఒక్కో గుండు కిలోకి కాస్త తక్కువ. తర్వాత ప్రపంచమంతా పాకిన బోఫోర్స్ ఎల్/60 అదే. దానికి మొదటి పెద్ద ఆర్డరు ఇచ్చింది ఎవరనుకున్నావు? డచ్చి నౌకాదళం. 1934 ఆగస్టులో, కొత్తగా కడుతున్న డి రూయిటర్ క్రూయిజర్ కోసం, ఐదు జంట ఫిరంగులు. వాటిని నిలబెట్టే పీఠం, గురి లెక్క హెంగెలో వాళ్ల పని.

ఇప్పుడు నీ మూడో అక్షం. నువ్వన్నట్టు నేల మీద రెండు అక్షాలు చాలు, నేల ఒరగదు కాబట్టి. ఓడ ఒరుగుతుంది.

ఒక పని చెయ్యి. మీ హాస్టల్‌లో తలుపు ఉంది కదా, దాని బందులు నిటారుగా ఉన్నంతసేపూ తలుపు ఎలా తిప్పినా దాని కింది అంచు నేలకి సమంగానే తిరుగుతుంది. చౌకట్టు పక్కకి ఒరిగిందనుకో, అదే తలుపు తెరుస్తుంటే ఒకవైపు నేలకి రాసుకుంటుంది. బందు వంగితే దాని చుట్టూ తిరిగేదంతా తప్పుదారిలో తిరుగుతుంది. ఫిరంగికి కూడా ఎత్తడానికి ఒక బందు ఉంటుంది, దాన్ని ట్రనియన్ అంటారు. ఓడ ముందువైపుకి గురిపెట్టి ఉన్నప్పుడు ఓడ పక్కకి ఒరిగితే ట్రనియన్ కూడా ఒరుగుతుంది. అప్పుడు నువ్వు గొట్టాన్ని "పైకి" ఎత్తుతున్నాననుకుంటావు గానీ అది పైకీ పక్కకీ కలిసి వెళుతుంది.

ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూడు. ఓడ 10 డిగ్రీలు ఒరిగింది, గొట్టం 45 డిగ్రీలు ఎత్తి ఉంది. 45 డిగ్రీల టాంజెంట్‌ని 10 డిగ్రీల సైన్‌తో గుణిస్తే 0.17 పైచిలుకు. అంటే గొట్టం దిక్కు దాదాపు 10 డిగ్రీలు తప్పింది. విమానం 1500 మీటర్ల దూరంలో ఉంటే గుండు దానికి 180 మీటర్ల పక్కనుంచి పోతుంది. జర్మన్ల జు-87 డైవ్ బాంబర్ రెక్కల వెడల్పు 14 మీటర్లు కూడా లేదు.

దీన్ని తిప్పే హ్యాండ్‌వీల్‌తోనే సరిచేయొచ్చు కదా అంటావు. నెమ్మదిగా కదిలే ఓడని కొట్టడానికైతే చేయొచ్చు. విమానాన్ని వెంటాడుతున్నప్పుడు మనిషి చెయ్యి రెండు పనులు చేయాలి, విమానం కదలికని పట్టుకోవడం, ఓడ ఊగుని కొట్టేయడం. రెండూ ఒకే హ్యాండ్‌వీల్ మీద కలిసిపోతే ఏది ఎంతో యంత్రానికి తెలియదు. ఇదే అసలు సమస్య. ఎందుకంటే హెంగెలో సైట్, అంటే గురి చూసే పరికరం, పనిచేసే పద్ధతి ఏమిటంటే, నువ్వు విమానాన్ని ఎంత వేగంగా వెంబడిస్తున్నావో కొలిచి, దాన్నిబట్టి ఎంత ముందుకి కొట్టాలో లెక్కగడుతుంది. విమానం గంటకి 360 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోతుంటే సెకనుకి 100 మీటర్లు. గుండు 1500 మీటర్లు చేరడానికి రెండు సెకన్లకి పైనే పడుతుంది. అంటే 200 మీటర్లకి పైగా ముందుకి కొట్టాలి. ఆ కొలిచిన వేగంలోకి ఓడ ఊగు జొరబడిందా, లెక్క మొత్తం మురిగిపోతుంది.

అందుకని వాళ్లు చేసిన పని ఏమిటంటే, ఫిరంగి కింద ఉన్న వేదికనే మూడో అక్షం మీద సమంగా నిలబెట్టారు. ఒక జట్టు గురి చూస్తుంది. ఇంకో జట్టు ఓడ ఎటు ఒరిగితే అటు ఎదురు తిప్పుతూ వేదికని సమంగా ఉంచుతుంది. గురి చూసేవాడికి ఓడ ఊగుతున్న సంగతే అక్కర్లేదు. ఊగు ఒకరిది, విమానం ఇంకొకరిది. రెండు బాధ్యతలని విడదీయడం, అదీ అందులోని తెలివి. నీ కంట్రోల్ సిస్టమ్స్ భాషలో దీనికి పేరు ఉండే ఉంటుంది.

నేను చూసిన ఒక దృశ్యం చెప్పి ఆపుతాను. వానాకాలం, బొంబాయి బయట సముద్రం. మా గదిలో బల్ల మీద స్టీలు గ్లాసులో టీ పెట్టాను. ఓడ ఒరిగినప్పుడల్లా గ్లాసు అంచుదాకా జారి మళ్లీ వెనక్కి వస్తోంది. అదే సమయంలో టెస్టు కోసం స్టెబిలైజేషన్ ఆన్ చేసి ఉంది. పైకెక్కి చూశాను. చుట్టూ రెయిలింగులు, మాస్టు, ఓడ మొత్తం ఊగుతోంది. ఫిరంగికి గురి చూపే పరికరం, అంటే డైరెక్టర్, ఒక్కటి మాత్రం దిగంతానికి మేకు కొట్టినట్టు అలా నిలబడి ఉంది. చెయ్యి పెట్టి చూడాలనిపించేంత నిశ్చలంగా. ఆ ఆలోచన మొదట ఓడెక్కింది 1936లో డి రూయిటర్ మీద, మనిషి చేతుల బలంతో. మా దాంట్లో అదే పని గైరోలు, మోటార్లు చేస్తున్నాయి.

ఓరుగల్లు_ఎంటెక్

మాస్టారూ, తలుపు బందు ఉదాహరణతో పూర్తిగా అర్థమైంది. మా హాస్టల్ బాత్రూమ్ తలుపు నిజంగానే నేలకి రాసుకుంటుంది, ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను! మీరు చెప్పిన "విడదీయడం"ని మేం డీకప్లింగ్ అంటాం. ఈ మాట స్లైడ్‌లో పెడతాను.

గేర్_మెకానిక్ జవాబు

పెద్దాయన చెప్పింది బాగుంది. కానీ ఒక విషయంలో నేను ఒప్పుకోను. మూడు అక్షాల ఆలోచన హెంగెలోది అని ఎలా అంటాం? జర్మన్ నౌకాదళం సొంత ఓడల మీద కూడా అదే ఉంది. బిస్మార్క్ మీద 105 మిల్లీమీటర్ల జంట ఫిరంగుల పీఠాలు మూడు అక్షాలవే. 37 మిల్లీమీటర్ల జంట పీఠాలూ అంతే. ఒకే ఇంటి పిల్లలు, రెండు ఊళ్లలో పెరిగారు అంతే. డచ్చి వాళ్లకి పేరు ఎందుకు ఇవ్వాలి?

పైగా డి రూయిటర్‌కి ఏం ఒరిగింది? 1942 ఫిబ్రవరి 27 రాత్రి జావా సముద్ర యుద్ధంలో టార్పెడో దెబ్బకి పోయింది. రియర్ అడ్మిరల్ డోర్మన్ ఓడతో పాటే పోయాడు. జావా క్రూయిజర్ కూడా అదే రాత్రి మునిగింది. అంత గొప్ప పీఠాలు దాన్ని కాపాడలేదు.

పాత_నావికుడు జవాబు

మెకానిక్ గారూ, మీరు చెప్పిన రెండూ తీసిపారేసే మాటలు కావు.

మొదట చుట్టరికం సంగతి. అవును, ఒకే ఇంటి పిల్లలే. నేను కాదనను. కానీ ఆ జర్మన్ 37 మిల్లీమీటర్ల ఫిరంగిని దగ్గరగా చూడండి. దానికి పీఠం అద్భుతం, ఫిరంగి మాత్రం ఒక్కో గుండు చేత్తో పెట్టి పేల్చాల్సిందే. అంత సమంగా నిలబెట్టిన వేదిక మీద ఒక మనిషి ఒక్కొక్క గుండు అందిస్తూ నిలబడాలి. అదే సమయంలో డచ్చి వాళ్లు ఏం చేశారంటే, గొట్టానికి స్వీడన్ వెళ్లారు, లెక్కకి హెంగెలోని నమ్ముకున్నారు. గొట్టానికి సెకనుకి రెండు గుళ్లు పేల్చే ఆటోమేటిక్‌ని, ఆ లెక్కతో, ఆ వేదిక మీద, ఒక్క చోట కూర్చోబెట్టారు. ఈ పెళ్లి కుదిర్చింది జర్మన్లు కాదు. తనకి ఏం కావాలో తెలిసిన డచ్చి నౌకాదళం. చిన్న దేశం, ప్రపంచానికి అటువైపు ఇండోనేషియా దీవుల్లో పెద్ద సామ్రాజ్యం, ఓడలు చూస్తే పిడికెడు. ఉన్న నాలుగు ఓడల్లో ఒక్కో ఫిరంగి పది ఫిరంగుల పని చేయాలి వాళ్లకి. ఆ ఒత్తిడిలోంచి వచ్చిన ఆర్డరు అది. ఇంజనీరు ఎంత గొప్పవాడైనా గట్టిగా అడిగే కొనుగోలుదారు లేకపోతే డ్రాయింగు బీరువాలోనే ఉంటుంది. నేను డాక్‌యార్డులో ఇది కళ్లారా చూశాను.

రెండోది, డి రూయిటర్. విమానాలని కొట్టే ఫిరంగి నీటికింద వచ్చే టార్పెడోని ఆపలేదు, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ ఓడలో అసలు తప్పు ఉంది, మీరు వేరే వైపు నుంచి దాని దగ్గరికి వచ్చారు. ఐదు జంట పీఠాలనీ ఓడ వెనక భాగంలో ఒకే గుత్తిగా పెట్టారు. ముందునుంచి వచ్చే విమానానికి అవి అడ్డం రావు. అక్కడ ఒక్క దెబ్బ తగిలితే ఐదూ ఒక్కసారే పోతాయి. అంత మంచి పీఠాన్ని అంత చెడ్డ చోట పెట్టడం చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. డబ్బు పొదుపు చేసి కట్టిన ఓడ అది, ఆ పొదుపు ప్రతి మూలా కనబడుతుంది.

అయితే ఆ పీఠం కథ అక్కడితో అయిపోలేదు.

1940 మే 10న జర్మనీ హాలండ్ మీద పడింది. ఐదు రోజుల్లో దేశం లొంగిపోయింది, హెంగెలో ఫ్యాక్టరీ వాళ్ల చేతికి చిక్కింది. కానీ విల్లెమ్ వాన్ డెర్ జాన్ అనే డచ్చి మైన్‌లేయర్ (సముద్రంలో మందుపాతరలు పరిచే) ఓడ తప్పించుకుని ఇంగ్లండ్ చేరింది. దాని మీద హేజ్‌మేయర్ పీఠం ఉంది. బ్రిటిష్ వాళ్లు దాన్ని చూసి, కొలతలు తీసి, తమ రాడార్ తగిలించి, అచ్చం అలాంటిదే తయారుచేసుకున్నారు. వాళ్లు దానికి మార్క్ 4 అని పేరు పెట్టినా, వాడుకలో మాత్రం "హేజ్‌మేయర్" అనే పేరే నిలిచింది. పరదేశం వాళ్ల పేరుని బ్రిటిష్ నౌకాదళం అలాగే ఉంచేయడం చిన్న విషయం కాదు.

అదే వేసవిలో అట్లాంటిక్‌కి అవతల ఇంకోటి జరిగింది. వాన్ కిన్స్‌బెర్గెన్ అనే డచ్చి ఓడ 1940 ఆగస్టు 30న ట్రినిడాడ్ దగ్గర అమెరికన్ నౌకాదళ అధికారుల ఎదుట తన 40 మిల్లీమీటర్ల ఫిరంగులు పేల్చి చూపించింది. అమెరికన్లు ఫిరంగిని తీసుకున్నారు. పీఠాన్ని తీసుకోలేదు. వాళ్ల దారి వేరు. గురి లెక్కని పక్కనే ఇంకో మనిషి చేతిలోని చిన్న డైరెక్టర్‌లో పెట్టి, ఫిరంగిని దూరం నుంచి మోటార్లతో నడిపారు. వేలకొద్దీ చేయాలంటే అదే సులువు.

ఎందుకో కూడా చెప్పాలి, పొగడ్తలే రాస్తే నా మాటకి విలువ ఉండదు. హేజ్‌మేయర్ సున్నితమైనది. దాని బ్రిటిష్ రూపం బరువు దాదాపు 7 టన్నులు. సైట్లు, రాడార్, లెక్కయంత్రం అన్నీ పేలుతున్న ఫిరంగి పక్కనే, దాంతోపాటే అదురుతూ, ఉప్పునీటిలో తడుస్తూ ఉండాలి. దాన్ని బాగు చేస్తూ ఉండటమే ఒక ఉద్యోగం. ఆ వంశంలోనే తర్వాత వచ్చిన స్టాగ్ అనే బ్రిటిష్ పీఠం ఏకంగా 17 టన్నులు దాటింది, దాన్ని నిలబెట్టుకోలేక చివరికి సులువైన పీఠాలకే మొగ్గారు.

ఆ బాధ నాకు తెలుసు. ఒకసారి బోర్‌సైట్ చేస్తున్నాం. అంటే గొట్టంలో టెలిస్కోపు పెట్టి, డైరెక్టరూ గొట్టమూ ఒకే బిందువుని చూస్తున్నాయా అని సరిచూడటం. అంతా అయిందనుకుని సంతకం పెట్టాం. మర్నాడు కాల్పుల్లో గుళ్లన్నీ వరసగా ఒకే పక్కకి పడుతున్నాయి. విప్పి చూస్తే ఒక సింక్రో (తిరిగిన కోణాన్ని కరెంటు సంకేతంగా పంపే పరికరం) దగ్గర బిగింపు వదులై అర డిగ్రీ జరిగి ఉంది. అర డిగ్రీ! 1500 మీటర్ల దగ్గర అది 13 మీటర్లు. నేను పైన చెప్పిన డైవ్ బాంబర్ రెక్కల వెడల్పు అంత. ఆ మరను నా చేత్తోనే బిగించాను ముందురోజు, చివరి చుట్టు వేయలేదు. ఆ తర్వాత సర్వీసు అయ్యేదాకా బిగించిన ప్రతి మరకీ ఎర్ర పెయింటుతో గీత గీసి, కదిలిందా లేదా రోజూ చూసేవాణ్ని. కంప్యూటర్లు లేని రోజుల్లో హెంగెలో పనివాళ్లు గేర్లతో, కామ్‌లతో ఇదంతా చేశారంటే వాళ్ల ఫిట్టింగు ఎంత నాణ్యంగా ఉండి ఉంటుందో నాకు తెలిసినట్టు డ్రాయింగు చూసేవాడికి తెలియదు.

అందుకే ఆ పనిని ముసుగు అనడానికి నాకు నోరు రాదు. ముసుగైతే, 1935లో హిట్లర్ సంధిని బాహాటంగా కాదన్నాక దాని అవసరం తీరిపోవాలి. హెంగెలో మాత్రం ఆగలేదు. యుద్ధం అయ్యాక డచ్చి ప్రభుత్వం ఆ ఫ్యాక్టరీని తీసుకుని సిగ్నాల్ పేరుతో మళ్లీ నిలబెట్టింది. తర్వాత ఫిలిప్స్ చేతికి, ఆపైన థేల్స్ చేతికి వెళ్లినా చోటు మారలేదు. క్షిపణుల నుంచి ఓడని కాపాడే వాళ్ల గోల్‌కీపర్ చూడండి. ఏడు గొట్టాల ఫిరంగి అమెరికాది. రాడారూ లెక్కా హెంగెలోవి. అన్నీ ఒకే పీఠం మీద. 1934 నాటి ఆర్డరులో ఉన్న ఆలోచన అదే కదా?

మన దేశంలో కూడా 40 మిల్లీమీటర్ల ఎల్/70 ఫిరంగులకి జోడీగా సైన్యం వాడిన ఫ్లైక్యాచర్ రాడార్ హెంగెలో డిజైనే, బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) లైసెన్సు మీద తయారుచేసింది. 1983లో చేరిన మన ఐఎన్ఎస్ గోదావరి మీద దూరం చూసే పెద్ద రాడారూ ఆ ఊరి వంశమే.

చరిత్ర_పుటలు

గోదావరి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అంతకుముందు బ్రిటిష్ కాలంలో రాయల్ ఇండియన్ నేవీకి కూడా గోదావరి, కిస్ట్నా అనే స్లూప్‌లు, అంటే చిన్న యుద్ధనౌకలు, ఉండేవి. రెండూ బ్లాక్ స్వాన్ వంశం ఓడలు. విభజనలో గోదావరి పాకిస్తాన్‌కి వెళ్లి "సింద్" అయింది. కిస్ట్నా మనకి వచ్చి కృష్ణ అయింది. మన నదుల పేర్లు పంచుకున్న తీరు అది.

పాత_నావికుడు

ఆ వంశంలో బ్రిటిష్ వాళ్ల వింబ్రెల్ అనే ఓడ మీద హేజ్‌మేయర్ పీఠాలు పెట్టారు. కృష్ణ మాటకొస్తే, ఆ పేరు వింటే చాలు నాకు ఒళ్లు పులకరిస్తుంది, కృష్ణా జిల్లా వాణ్ని కదా.

ఓరుగల్లు_ఎంటెక్

మాస్టారూ, చివరిగా ఒక్కటి అడుగుతాను. ఫిరంగి ఓడ పక్కకి, అంటే కుడివైపుకి 90 డిగ్రీలు గురిపెట్టి ఉంటే అదే ఒరుగుడు ఎత్తులో తేడా అవుతుంది తప్ప ట్రనియన్ ఒరగదు కదా. అప్పుడు మూడో అక్షం ఖాళీగా కూర్చుంటుందా?

పాత_నావికుడు జవాబు

సరిగ్గా పట్టుకున్నావు. పక్కకి గురిపెట్టినప్పుడు ఓడ ఒరుగుడంతా ఎత్తులోకి వెళుతుంది. అప్పుడు ట్రనియన్‌ని వంచేది ఓడ ముందు వెనకల ఊగు, అంటే పిచ్. పిచ్ మామూలుగా రోల్ (పక్క ఒరుగుడు) కంటే తక్కువ కాబట్టి మూడో అక్షానికి పని తగ్గుతుంది, పూర్తిగా పోదు.

అసలు చిక్కు మధ్యలో ఉంది. ముందుకీ పక్కకీ నడుమ 45 డిగ్రీల దిక్కులో గురి ఉందనుకో. ఓడ 10 డిగ్రీలు ఒరిగితే అందులో దాదాపు 7 డిగ్రీలు ఎత్తులోకి, దాదాపు 7 డిగ్రీలు ట్రనియన్‌లోకి పోతాయి. విమానం అడ్డంగా పోతున్నకొద్దీ ఆ వాటాలు ప్రతి క్షణం మారుతూ ఉంటాయి. ఒక్క హ్యాండ్‌వీల్ మీద మనిషి ఇది చేయలేడు. స్లైడ్‌లో ఒక గ్రాఫు గియ్యి. అడ్డంగా గురి దిక్కు సున్నా నుంచి 90 దాకా, నిలువుగా రెండు వాటాలు, ఒకటి సైన్, ఒకటి కొసైన్. మీ గైడ్ గారికి అది చూపించు. ప్రజెంటేషన్ అయ్యాక ఆయన ఏమన్నారో ఇక్కడ రాయడం మాత్రం మర్చిపోకు.